చూడని నెలవంక

షీర్ ఖుర్మా గిన్నె మీది మూత తీసి చూసి, నసీమ్ మళ్ళీ పెట్టేసింది. పొద్దున్నుంచీ ఆమెకు ఇదే పని. పాలు చిక్కబడ్డాయి, సేమ్యాలు ఉబ్బిపోయాయి, ఖర్జూరం ముక్కలు అడుగుకు దిగాయి. తినేవాళ్ళు మాత్రం రాలేదు.

"జర సేపు చూద్దాం," అన్నాడు ఖదీర్. ఈద్ నమాజు చదివి వచ్చి, కొత్త కుర్తా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు. గుమ్మం వైపు చూడనట్టే చూస్తున్నాడు.

"ఎవరి కోసం చూస్తరు?" నసీమ్ గొంతు పెంచింది. "సగం గల్లీ ఇయ్యాల గూడ రోజా ఉన్నది. రోజా ఉన్నోళ్ళు మన ఇంటికొచ్చి పాలు తాగుతరా?"

"మిగిలిన సగం మనతోని నమాజు చదివిన్రు గదా."

"చదివిన్రు. చదివి ఇండ్లల్లకు పోయి తలుపులు పెట్టుకున్నరు. ఒకల మొఖం ఒకలు చూడనీకి సిగ్గు పడుతున్నరు. గిదేం ఈద్ నాకు తెల్వది."

ఖదీర్ గుమ్మం మీంచి చూపు తిప్పుకున్నాడు.

నిన్న సాయంత్రం ఇరవై తొమ్మిదో రోజా ఉపవాసం విడిచాక ఆర్మూరు అంతా మిద్దెలెక్కి నెలవంక కోసం చూసింది. ఎక్కడా కనపడలేదని పట్నం కమిటీ పెద్దలు ప్రకటించారు. బజారు మసీదువాళ్ళు సరేనని ఇంకో రోజాకు సిద్ధమయ్యారు. ఈ గల్లీ మసీదు మాత్రం రేపే ఈద్ అని మైకులో చెప్పేసింది. కళ్ళారా చూశామని ముగ్గురు గవాహీ ఇచ్చారు మరి! ఆ సాక్షులు ముగ్గురూ ఒకే మిద్దె మీదివాళ్ళు: ఖదీర్, పక్క వాటాలో ఉండే ఆయన చెల్లెలు మెహ్రాజ్, సెలవులకు ఇంటికొచ్చిన ఆయన కూతురు షబీనా. ఇంత పెద్ద దేశంలో ఎవరికీ ముఖం చూపించని చంద్రుడికి ఆ ఒక్క మిద్దె మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో తెలియక బజారంతా ముసిముసిగా నవ్వుకుంటోంది.

అయినా గల్లీ ఎందుకు నమ్మిందంటే అందుకు రెండు కారణాలున్నాయి. మొదటిది ఖదీర్ నోరు. ఆయన మార్కెట్ యార్డులో దడ్వాయి. రైతు ఒక పక్క, వ్యాపారి ఒక పక్క నిలబడితే, పసుపు బస్తాను కాంటా మీద పెట్టి ఆయన గొంతెత్తి ఎంత అంటే అంత. దొంకేశ్వర్ నుంచి వచ్చే రైతులు ఖదీర్ కాంటాయే కావాలని ఎండలో కూర్చునేవాళ్ళు. రెండో కారణం షబీనా చదువు. ఆ పిల్ల పుణెలో నక్షత్రాల మీద పరిశోధన చేస్తోంది. చంద్రుడి సంగతి ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఆ చదువుకున్న పిల్ల ఇప్పుడు లోపలి గదిలో లాప్‌టాప్ తెరిచి, తెర వైపు చూస్తూ ఏమీ చూడకుండా కూర్చుని ఉంది.

"నసీమూ! ఉన్నవా?" అంటూ పక్కింటి గంగవ్వ నేరుగా వంటింట్లోకే వచ్చేసింది. ఇద్దరూ కలిసి బీడీలు చుట్టిన చేతులు. షబీనా కాలేజీ ఫీజులన్నీ ఆ బీడీల్లోంచి వచ్చినవే. "మీ పాయసం తియ్యి. మీ చంద్రుడు కనపడ్డా కనపడకున్నా నాకైతే ఫికర్ లేదు."

నసీమ్ ముఖం ఒక్కసారిగా విప్పారింది. పెద్ద గిన్నె నిండా పోసింది. "నువ్వొక్కదానివన్న వచ్చినవ్ గంగక్కా," అంటూ గిన్నె చేతికిచ్చింది.

"బిడ్డ యాడున్నది? ఓ షబీనా! సదువు సదువు అనుకుంట బొక్కలు తేలినయ్ గదనే. అక్కడ తిండి పెడుతున్నరా లేదా?"

షబీనా బయటికి రాక తప్పలేదు. "పెడుతున్నరు పెద్దమ్మా. ఆదివారం నేనే వండుతున్న. నా బగారన్నం కోసం హాస్టల్ అంతా లైన్ కడ్తది."

"ఆటలు గూడ ఆడుతవంట గదా?"

"వాలీబాల్."

"మంచిగ ఆడు. ఇంతకు నువ్వు జేసే పని ఏందో మీ అమ్మ ఎన్నిసార్లు చెప్పినా నాకు తలకెక్కలే."

మామూలు రోజైతే ఈ ప్రశ్నకు షబీనా కళ్ళు మెరిసేవి. ముసలితనం వచ్చిన నక్షత్రాలు తమ ఒంటి మీది దుమ్మును చుట్టూ ఎలా ఊదేసుకుంటాయో, ఆ దుమ్మే పోగై మళ్ళీ కొత్త చుక్కలు, కొత్త లోకాలు ఎలా పుడతాయో చేతులు తిప్పుతూ చెప్పేది. చిన్నప్పుడు అబ్బాతో యార్డుకు పోయి, పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము తిరుగుతుంటే ఎండలో లేచే పచ్చటి ధూళిని గంటలకొద్దీ చూసిన పిల్ల ఆమె. "దుమ్ము కోసం పుణె దాక పోవాల్నా? మా యార్డుల తక్కువున్నదా?" అని ఖదీర్ ఎప్పుడూ ఆటపట్టిస్తాడు, ఎదుటివాళ్ళకు చెప్పేటప్పుడు మాత్రం ఛాతీ ఉబ్బిస్తాడు. ఈ రోజు ఆమె "చుక్కల మీద దుమ్ము, పెద్దమ్మా," అని మాత్రం అంది.

గంగవ్వ గిన్నె ఖాళీ చేసి, మూతి తుడుచుకుంది. "అవునే బిడ్డా, ఒకటి అడుగుత. నిన్న నేను గూడ మా మిద్దె మీద్కెల్లి సూసిన. నువ్వు ఏలు సూపెట్టిన దిక్కే సూసిన. మొన్ననే కండ్ల ఆపరేషన్ అయ్యె, ఇప్పుడు సూదిల దారం గూడ నేనే ఎక్కిస్తున్న. నాకైతే దుమ్ము తప్ప ఏం కనపడలే. మీ అబ్బకెట్ల కనపడ్డదే? ఆయనకు అద్దాలు గూడ లేకుండె గదా."

ఆమె మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. కాని నసీమ్ చేతిలోని గరిటె ఆగిపోయింది.

"జర సేపే కనపడ్డది పెద్దమ్మా," అంది షబీనా. అబద్ధం మీద ఇంకో అబద్ధం ఇంత సులువుగా వస్తుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

గంగవ్వ వెళ్ళిపోయింది. నసీమ్ వంటింటి తలుపు దగ్గరికి వేసింది.

"ఇటు చూడు. నా మొఖం చూడు. నువ్వు చూసినవా?"

షబీనా గోడకు ఆనుకుంది.

"అడుగుతున్న గదా. చంద్రుని చూసినవా, లేదా?"

"అమ్మీ, చంద్రుడు అక్కడనే ఉండె. నా లెక్క తప్పు కాదు. పొద్దుగూకినంక గూడ జరసేపు ఆడనే ఉండె. దుమ్ము లేకుంటే…"

"నేను లెక్క అడుగలే."

షబీనా ఏడ్చి ఉంటే నసీమ్‌కు కొంత నయంగా ఉండేది. ఆ పిల్ల ఏడవలేదు. తల దించుకుని, "చూడలే," అంది.

నిజానికి నిన్న మధ్యాహ్నం నుంచే తప్పు మొదలైంది. ఫోనులో లెక్కలు కట్టి, "నీళ్ళ ట్యాంకుకు ఎడమ దిక్కు, జర పైన, గక్కడ కనపడ్తది," అని షబీనా ముందే చాటింపు వేసింది. సాయంత్రానికి మిద్దె నిండా చుట్టాలు, ఇరుగుపొరుగు. అందరూ ఆమె వేలు చూపిన వైపే చూశారు. పడమటి దిక్కున పసుపు డ్రమ్ముల ధూళి, సన్నటి మబ్బు. ఏమీ లేదు. ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు. "పుణె చంద్రుడు పుణెల్నే ఉన్నట్టుండు," అన్నారు ఇంకెవరో. అంతే! నాలుగేళ్ళుగా కంప్యూటర్ తెర మీద గీతలుగా తప్ప ఆకాశాన్ని సరిగ్గా తలెత్తి చూడని ఆ పిల్లకు ముఖం భగ్గుమంది. చంద్రుడు అక్కడే ఉన్నాడని ఆమెకు ఖాయంగా తెలుసు. ఉన్నదాన్ని ఉందంటే అబద్ధం ఎట్లా అవుతుంది? "అగో! అదిగో, చూడుండ్రి! అయ్యో, మబ్బు కమ్మింది," అని అరిచేసింది.

వెంటనే పక్క నుంచి అబ్బా గొంతు వినపడింది: "హా! నేను గూడ చూసిన!" ఆ వెనకే మెహ్రాజ్ ఫుప్పు: "మాషా అల్లాహ్! నేను గూడ!"

మసీదు కమిటీ పెద్ద, సదర్ మొహసిన్ మిద్దె కిందికి వచ్చి అడిగినప్పుడు ముగ్గురూ అదే మాట చెప్పారు. వెనక్కి తీసుకోవడానికి అప్పటికీ వ్యవధి ఉంది. షబీనా తీసుకోలేదు.

"ఎంత పని చేసినవే," అంది నసీమ్ మెల్లగా. "మంది రోజా పోయింది. ఈదే గాని దినం నమాజు చదివించినవ్."

"ఈదే అమ్మీ. లెక్క ప్రకారం…"

"నోర్ముయ్!" నసీమ్ చెయ్యెత్తింది, కాని దించేసింది. కాసేపు పొయ్యి వైపు చూసింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"నువ్వు చూడకపోతే, మీ అబ్బా ఏం చూసిండే?"

బయట ఎవరో దగ్గారు.

"అస్సలామ్ అలైకుమ్, ఖదీర్ భాయ్."

మొహసిన్ వచ్చాడు. ఈద్ ముబారక్ అనలేదు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. నసీమ్ పంపిన షీర్ ఖుర్మా గిన్నెను చేత్తో పట్టుకున్నాడు గాని నోటి దాకా తేలేదు.

"ఏం చెప్పమంటవ్ భాయ్, సెల్ మోగుతనే ఉన్నది," అన్నాడు. "బజారు మసీదోళ్ళు నవ్వుతున్నరు. మనోళ్ళు నన్ను తింటున్నరు. ఇయ్యాల రోజా లేనోళ్ళు ఏం చేయాలె, ఉన్నోళ్ళు ఏం చేయాలె అని ఇమామ్ సాబ్‌ను వదుల్తలేరు."

"గవాహీ ఇచ్చినం గదా మొహసిన్ భాయ్."

"ఇచ్చిన్రు. గాని పొద్దుగాల మీ చెల్లె మాట మార్చింది."

ఖదీర్ నిటారుగా కూర్చున్నాడు. "మెహ్రాజా? ఏమన్నది?"

"షబీనా చూపెట్టింది గనుక చూసిన అన్న, నాకు సరిగ యాది లేదు అన్నది. తప్పు పడుతలేను. గాని మాట బయట పడ్డది. అందుకే మధ్యాహ్నం జొహర్ నమాజు అయినంక అందరి ముందర ఒక్కసారి నువ్వు మళ్ళ చెప్పాలె. అల్లాహ్ పేరు మీద. అంతే."

"నా బిడ్డ గూడ రావాల్నా?"

"ఆడపిల్లను అందరి నడుమ ఎందుకు నిలబెట్టుడు? నువ్వు చెప్తే సాలు. నీ మాట మీద ఈ ఊర్ల ఎవనికి అనుమానం లేదు. నువ్వు తూకం తప్పు చెప్పంగ ఎవడన్న విన్నడా ఇప్పటిదాక?"

మొహసిన్ ఆ మాట ధైర్యం చెప్పడానికే అన్నాడు. తలుపు వెనక నిలబడి విన్న షబీనాకు మాత్రం అది వేరుగా వినపడింది. తన ముఖం దాచుకోవడానికి ఆడిన మాట ఇప్పుడు అబ్బా నోటితో, అల్లాహ్ పేరు మీద, మసీదు నడుమ రాబోతోంది. రేపెప్పుడో నిజం తెలిస్తే యార్డులో ఆయన చెప్పే బరువును ఎవరు నమ్ముతారు?

మొహసిన్ లేచాడు. గిన్నె ముట్టకుండానే బల్ల మీద పెట్టాడు. ఆయన పోయాక ఖదీర్ టోపీ సర్దుకుంటూ నిలబడ్డాడు.

"అబ్బా."

"ఏం బేటా?"

"మీరు పోకుండ్రి."

"ఎందుకు? భయమైతున్నదా? ఒక్క మాట. చెప్పి వస్త."

"నేను చూడలే అబ్బా."

ఖదీర్ చేయి టోపీ మీదే ఉండిపోయింది.

"అందరు నవ్విన్రు. నాకు షరమ్ అయింది. చంద్రుడు ఆడ ఉన్నడని నాకు తెలుసు, లెక్క చూసుకున్న, అందుకే కనపడ్డది అన్న. కనపడలే. ఒట్టు. మబ్బు గూడ కమ్మలే. ఏం కనపడలే."

నసీమ్ వంటింటి గడపలో నిలబడిపోయింది. వీధిలో ఏదో ఆటో పోయింది. ఖదీర్ టోపీ మీంచి చేయి దించాడు.

"ఉన్నది గాని కనపడలే," అన్నాడు చివరికి. "గంతేనా?"

"హా అబ్బా. ఉన్నడు. అది మాత్రం పక్కా."

"బస్తాల పసుపు ఉన్నదని నాకు గూడ పక్కా తెలుసు బేటా. కండ్లతోని చూస్తే ఎంత ఉంటదో గూడ అంచనా తెలుస్తది. గాని కాంటా ఎక్కకముందు నోరు తెరుస్తనా?"

తిడితే బాగుండునని షబీనా ఆశపడింది. ఆయన తిట్టలేదు.

"మీరు చూసిన అన్నరు గదా," అంది నసీమ్ గడప నుంచే. ఆ మాట ఆమె ఎందుకంది? కూతురి మీద బరువు దించుదామనా, భర్తను నిలదీద్దామనా? బహుశా ఆమెకూ తెలియదు.

ఖదీర్ ముఖం మీదికి ఎప్పుడూ రాని రంగు వచ్చింది. చెవుల దాకా ఎర్రబడ్డాడు. జీతానికి పనిచేసే పిల్లవాడు దొంగతనంలో దొరికినట్టు నిలబడ్డాడు, అంత పెద్దమనిషి.

"బిడ్డ చూసిందంటే…" అన్నాడు. "బిడ్డ చూసిందంటే ఉంటది అనుకున్న. అందరు నవ్వుతుండిరి. ఒక్కతే నిలబడ్డది. నేను గూడ అంటే…"

ఆ క్షణంలో షబీనాకు అర్థమైంది. తను తన పరువు కోసం అబద్ధం ఆడితే, ఆయన తన కోసం ఆడాడు. ఒకరి అబద్ధాన్ని ఒకరు ఎత్తుకుని, ఇద్దరూ గల్లీని ముంచారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇన్నాళ్ళూ ఆ మాటను నలుగురూ ఊరికే వాడుతుంటే విన్నది, ఇప్పుడు దాని బరువు తెలిసింది.

"ఇంకెవలకన్న చెప్పినవా?" ఖదీర్ అడిగాడు.

"అమ్మీకి."

"మంచిది. నువ్వు ఇంట్ల ఉండు. అడుగు బయట పెట్టకు."

"మీరు ఏం చెప్తరు అబ్బా?"

ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. కుడి కాలి చెప్పు ఎడమ కాలికి పెట్టుకుని, చూసుకుని, మార్చుకున్నాడు. మెట్లు దిగిపోయాడు.

నసీమ్ గడప దాటి వచ్చింది. "పో," అంది కూతురితో.

"ఇంట్ల ఉండుమన్నరు గదా."

"ఉండుమంటే ఉంటవా? ఆయన ఏం చెప్తడో నాకు తెల్వదా? అంత చదివినవ్, గిది తెలుస్తలేదా నీకు? పో!"

షబీనా దుపట్టా తల మీదికి లాక్కుని పరుగెత్తినట్టే నడిచింది. దారి పొడవునా తలుపులు వేసే ఉన్నాయి. చెప్పాల్సిన మాటలను నోట్లో కూడగట్టుకుంది. చాచా, తప్పు నాది. నేను చూడలే. మా అబ్బా నన్ను నమ్మిండు, గంతే. మూడు ముక్కలు. కాన్ఫరెన్సుల్లో పెద్ద పెద్ద ప్రొఫెసర్ల ముందు గడగడా మాట్లాడిన నోరు అది. ఈ మూడు ముక్కలు చెప్పలేదా?

మసీదు గేటు దగ్గర చెప్పుల గుంపు. నమాజు అయిపోయింది గాని ఎవరూ కదల్లేదు. వరండాలో ఇమామ్ సాబ్, మొహసిన్ కూర్చున్నారు. వాళ్ళ ముందు ఖదీర్ నిలబడి ఉన్నాడు. యార్డులో అంత దూరం వినపడే గొంతు ఇప్పుడు గేటు దాకా వస్తే చాలన్నట్టుంది.

"…నేను చూడలే," అంటున్నాడాయన. "నా బిడ్డ గూడ చూడలే. కనపడుతలేదు అబ్బా అన్నది. నేనే కనపడ్డదని జిద్దు చేసిన. తండ్రి అన్నడు గదా అని అది హా అన్నది. తప్పు నాది. దాని మీద ఎవలు మాట అనకుండ్రి."

ఒక్కసారిగా గోల లేచింది. "తౌబా, తౌబా!" అన్నారెవరో. "కాంటా పట్టే మనిషివి గదయ్యా ఖదీర్! నీ నోటికెల్లి గిట్లాంటి మాటా?" అని ముందు వరసలోని ఒక ముసలాయన లేచాడు. "ఇన్నేండ్లు ఎంతమందికి ఎట్ల తూచినవో!" అన్న మాట వెనక నుంచి వచ్చింది. ఆ మాట అన్నదెవరో చూడటానికి కూడా ఖదీర్ తల తిప్పలేదు.

మొహసిన్ చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టాడు. అప్పుడే గేటు దగ్గర నిలబడ్డ షబీనాను చూశాడు. ఆయన చూపు వెంట అందరి తలలూ తిరిగాయి.

"బేటా," అన్నాడు మొహసిన్. ఆ గొంతులో ఏదో ఆశ ఉంది. కాదనమని బతిమాలుతున్నట్టే ఉంది. "మీ అబ్బా చెప్పింది నిజమేనా? నువ్వు కనపడలే అంటే ఆయననే కనపడ్డది అన్నడా?"

షబీనా నోరు తెరిచింది. మూడు ముక్కలూ నాలుక చివరనే ఉన్నాయి. అన్ని కళ్ళు, తనకు చిన్నప్పటి నుంచీ చాచాలు, మామయ్యలు అయినవాళ్ళ కళ్ళు, మొన్న తన చదువును మెచ్చుకుని బడిలో పూలదండ వేసి చప్పట్లు కొట్టినవాళ్ళ కళ్ళు. నిన్న మిద్దె మీది అబద్ధానికి కనీసం పొగరు తోడుంది. ఇప్పుడు ఆమెకు అది కూడా లేదు, ఉత్త భయం.

ఆమె అవునన్నట్టు తల ఊపింది.

అప్పటిదాకా నేల చూస్తున్న ఖదీర్ తల ఎత్తి కూతురి వైపు చూశాడు.